ముఖానికి సున్నిపిండి: ఎండబెట్టడం నుంచి సీసాకెత్తడం దాకా

మా తెనాలి వైపు సున్నిపిండి అంటే ఒళ్లంతా రుద్దుకునేదే. భోగి పండక్కి, దీపావళి ముందు రోజు తలంటుకి, పెళ్లికూతుర్ని చేసేటప్పుడు నువ్వుల నూనె రాసి, ఆ జిడ్డు వదిలేదాకా నలుగు పెట్టి రుద్దుతారు. ఏడాదికి నాలుగైదు సార్లు ఒంటికి వాడే ఆ పిండినే చాలామంది రోజూ ముఖానికి వాడటం మొదలుపెడతారు. వారం తిరక్కుండానే చర్మం ఎర్రబడి, మంటపుట్టి, "మనకి ఇవి పడవు" అని మళ్లీ ఫేస్‌వాష్ ట్యూబు కొనుక్కుంటారు.

పడకపోవడం కాదు. ఒంటికి చేసిన పిండి ముఖానికి గరుకు. ముఖానికి విడిగా చేసుకోవాలి. దినుసులు తక్కువ ఉండాలి, పిండి పౌడరంత మెత్తగా ఉండాలి, సీసాలో ఉన్నంతకాలం నీటిచుక్క తగలకూడదు. మూడింటిలో ఏది తప్పినా అంత శ్రమా వృథా. నేను ఏళ్ల తరబడి ప్రతి వేసవిలోనూ ఇది చేసుకుంటున్నాను, అడిగిన బంధువులకు చేసి పంపుతున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వరసగా చెబుతాను.

ముందే ఒక మాట. ఇది వాడితే రంగు మారదు. తెల్లబడటానికి అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇది చేసే పని ముఖం మీది జిడ్డు, చెమట, దుమ్ము తీయడం. సబ్బుతో కడిగాక బుగ్గలు బిగుసుకుపోయినట్టు ఉంటుందే, అది లేకుండా తీస్తుంది. దానికి కారణం ఉంది. మన చర్మం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ 5కి అటూ ఇటూగా. మామూలు స్నానపు సబ్బు 9, 10 దాకా వెళుతుంది, అంటే బాగా క్షారం. జిడ్డుతో పాటు చర్మానికి అవసరమైన నూనెను కూడా లాగేస్తుంది. పెసరపిండి అలా కాదు. అందులోని పిండిపదార్థం, మాంసకృత్తులు జిడ్డును తమలోకి పీల్చుకుని నీళ్లతో పాటు వెళ్లిపోతాయి. నురగ రాదు. నురగ రాకపోతే శుభ్రం కాలేదనిపించడం అలవాటు వల్ల వచ్చిందే, నాలుగు రోజుల్లో పోతుంది.

కావలసినవి

ఇంట్లో ఇద్దరు రోజుకోసారి వాడితే మూడు నెలలకు సరిపడే కొలత ఇది. ఒక్కరే అయితే సగం చేసుకోండి.

ఛాయ పెసరపప్పు 500 గ్రాములు
పచ్చి శనగపప్పు 100 గ్రాములు
ఎండిన నాటు గులాబీ రేకులు 25 గ్రాములు
ఎండిన తంగేడు పూరేకులు 25 గ్రాములు
వట్టివేళ్లు 20 గ్రాములు
కస్తూరి పసుపు 10 గ్రాములు
మొటిమలు, జిడ్డు ఎక్కువగా ఉన్నవాళ్లకైతే ఎండు వేపాకు 10 గ్రాములు

పొట్టు పెసలు వద్దు. ఒంటికైతే పొట్టుతో సహా ఆడిస్తారు, ఆ గరుకే మురికిని లాగుతుంది. ముఖానికి ఆ పొట్టు ముక్కలే గీతలు పెడతాయి. ఒంటి పిండిలో వేసే బియ్యం కూడా అందుకే తీసేశాను. బియ్యం ఎంత మెత్తగా ఆడించినా వేళ్ల మధ్య పలుకు తెలుస్తుంది.

తంగేడు పూలు దొరక్కపోతే గులాబీ పెంచుకోండి, పెద్ద తేడా రాదు. తెలంగాణలో వాళ్లకి బతుకమ్మ రోజుల్లో తంగేడు కుప్పలుగా దొరుకుతుంది. రోడ్డు పక్కన దుమ్ము కొట్టుకున్న చెట్ల నుంచి కాకుండా చేలగట్ల మీద నుంచి కోసుకోవడం మంచిది. గులాబీల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. బొకేల్లో పెట్టే పొడుగు కాడ గులాబీలు అసలు వద్దు, వాటికి మందులు ఎక్కువ కొడతారు, వాసన కూడా ఉండదు. పూజకు అమ్మే చిన్న నాటు గులాబీలు తెచ్చుకుని, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి ఆరబెట్టండి. పెరట్లో చెట్టు ఉంటే అంతకన్నా ఏం కావాలి. పచ్చి రేకులు ఎండితే చాలా తగ్గిపోతాయి కాబట్టి, కావలసిన తూకానికి అయిదారు రెట్లు పచ్చివి తీసుకోవాలి.

కస్తూరి పసుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇది వంట పసుపు కాదు, వేరే దుంప. వంటలో వాడరు. రంగు బాగా లేత, కర్పూరంలాంటి వాసన వస్తుంది, ముఖానికి పసుపు మరక పట్టదు. "కస్తూరి పసుపు" అని ప్యాకెట్లో అమ్మే పొడి ముదురు పసుపు రంగులో ఉంటే అది వంట పసుపే అయ్యుంటుంది. పొడి కొనకండి, మూలికలు అమ్మే కొట్లో ఎండు దుంపలు అడిగి తీసుకోండి. దొరకలేదా, అసలు వేయకండి. పసుపు లేకపోయినా ఈ పిండి పని చేస్తుంది.

వంట పసుపే వేస్తామంటే రెండు టీస్పూన్లు దాటనివ్వకండి, అదీ కొమ్ములు తెచ్చి ఇంట్లో కొట్టుకున్నదే అయ్యుండాలి. మాకు దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు పక్కనే కాబట్టి కొమ్ములకు లోటు లేదు. మీ ఊళ్లో కొన్న కొమ్ములను ఒకసారి గ్లాసు నీళ్లలో వేసి చూడండి. మంచి కొమ్ము రంగు వదలదు. వేసీ వేయగానే నీళ్లు పసుపుపచ్చగా మారితే పైన రంగు పూసినట్టే. మెరుపు కోసం పూసే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది, అది ముఖానికే కాదు, వంటకూ వద్దు.

వేయకూడనివి

ఇది చదవకుండా ముందుకు వెళ్లకండి.

బావంచాలు. పాతకాలపు సున్నిపిండి జాబితాలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, మా అమ్మమ్మ కూడా వేసేది. మంచి వాసన. కానీ బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి తగిలాక ఎండ పడితే చర్మం కాలినట్టు కందిపోతుంది, బొబ్బలు రావచ్చు, తర్వాత నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. బొల్లి మచ్చలకు బావంచాలు వాడే సంప్రదాయం ఉన్నది కూడా చర్మం మీద, ఎండతో కలిసి, అది చూపే ఈ ప్రభావం వల్లే. అది వైద్యుడి చేతిలో ఉండాల్సిన వస్తువు. అమ్మమ్మ ఏడాదికి నాలుగుసార్లు ఒంటికి రాసి కడిగేసిన దానికీ, మనం రోజూ పొద్దున్నే ముఖానికి రాసుకుని బండి మీద ఆఫీసుకు వెళ్లేదానికీ చాలా తేడా ఉంది.

నిమ్మరసం కూడా అంతే. ముఖానికి నిమ్మచెక్క రుద్దుకోవడం ఇంటింటా ఉంది. నిమ్మరసం పీహెచ్ 2కి దగ్గర, చర్మానికి అది మరీ పులుపు. పైగా నిమ్మజాతి తొక్కల్లో కూడా ఎండకు చర్మాన్ని కాల్చే గుణం ఉన్న పదార్థాలు ఉంటాయి. ఎండు బత్తాయి తొక్కలు, నారింజ తొక్కలు వేయమని చాలామంది చెబుతారు. నేను ముఖం పిండిలో వేయను.

వంటసోడా వద్దు, అది క్షారం. ముద్దకర్పూరం వద్దు, చల్లగా అనిపించినా చర్మాన్ని రేపుతుంది. ఇక గంధం పొడి అని సంచుల్లో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం వాసన కలిపిన రంపప్పొట్టే. గంధం మీద మనసుంటే చెక్క కొని, సానరాయి మీద అప్పటికప్పుడు అరగదీసుకుని అరచేతిలోని పిండిలో కలుపుకోండి.

ముల్తానీ మట్టి మంచిదే, కానీ సీసాలో కలపకండి. అది బాగా ఆరగొడుతుంది. జిడ్డు చర్మం వాళ్లు వారానికి ఒకసారి విడిగా చిటికెడు కలుపుకుంటే చాలు.

ఎండబెట్టడం

సగం పని ఇదే. ఫిబ్రవరి చివర నుంచి మే దాకా ఎండలు బాగుంటాయి కాబట్టి అప్పుడే చేసుకోవాలి. వానాకాలంలో మొదలుపెడితే పప్పు ఎండినట్టే ఉంటుంది, లోపల చెమ్మ మిగులుతుంది. ఆ చెమ్మే తర్వాత బూజు అవుతుంది.

పెసరపప్పు, శనగపప్పు రాళ్లు ఏరి, తడిబట్టతో తుడవండి. కొన్నిచోట్ల మెరుపు కోసం పప్పుకు రంగు వేస్తారు. అనుమానంగా ఉంటే రెండు నీళ్లు పోసి గబగబా కడిగేయండి, నానబెట్టొద్దు. మేడమీద గచ్చు బాగా ఊడ్చి, పాత నూలు దుప్పటి పరిచి, పప్పు పలచగా నెరపండి. పైన పలచటి పాత చీర కప్పితే పిట్టలు, దుమ్ము బాధ ఉండదు. తుడిచిన పప్పుకు రెండు రోజులు, కడిగిన పప్పుకు మూడు రోజులు గట్టి ఎండ తగలాలి. సాయంత్రం నాలుగింటికల్లా లోపలికి తెచ్చేయండి. రాత్రి మంచుకు వదిలేస్తే పగలంతా ఎండింది దండగ.

పూలు, ఆకులు ఎండలో పెట్టకూడదు. గులాబీ రేకులు ఎండకు రంగు, వాసన పోయి గడ్డిలా అయిపోతాయి. ఫ్యాను కింద, నీడలో, నూలు గుడ్డ మీద ఒక్కో రేకు విడివిడిగా పరవాలి. రోజుకోసారి తిరగేయాలి. నాలుగైదు రోజులకు రేకును వేళ్ల మధ్య నలిపితే మెత్తగా వంగకుండా పటుక్కున పొడి అవుతుంది. అప్పుడు అయినట్టు. వేపాకు ఈనెలు తీసేసి ఆకులు మాత్రమే ఆరబెట్టండి. తంగేడు పూలకు కాడలు, కేసరాలు గిల్లేసి రేకులే తీసుకోండి. ఇది ఓపిగ్గా కూర్చుని చేసే పని, పక్కన ఎవరైనా ఉంటే మాటల్లో గడిచిపోతుంది.

వట్టివేళ్లు పీచు. వాటిని కత్తెరతో చిటికెన వేలి గోరంత ముక్కలుగా కత్తిరించి, మట్టి దులిపి, ఒక రోజు ఎండలో పెట్టండి. కస్తూరి పసుపు దుంపలను రోట్లో వేసి ముక్కలుగా దంచి, వాటిని కూడా ఎండలో పెట్టండి. దంచకుండా మిక్సీలో వేస్తే బ్లేడు పాడవుతుంది.

అన్నీ ఎండాక వెంటనే ఆడించొద్దు. ఆ వేడి దిగేదాకా ఒక గంట నీడలో ఉంచండి. వేడి మీద సీసాకెత్తితే లోపల ఆవిరి పట్టి అదే తడి అవుతుంది.

ఆడించడం

అరకిలో పప్పుకు మిక్సీ చాలు. పప్పు ఒక గ్లాసు చొప్పున వేసి, అర నిమిషం తిప్పి ఆపి, మళ్లీ తిప్పండి. ఆపకుండా తిప్పితే గిన్నె కాలిపోయి పిండి ముద్దకడుతుంది. పూలు, ఆకులు, వట్టివేళ్లు విడిగా వేసి, తోడుగా గుప్పెడు పప్పు వేసి తిప్పండి. పప్పు రాపిడికి పీచు బాగా నలుగుతుంది.

నలుగురైదుగురికి కలిపి రెండు మూడు కిలోలు చేస్తే పిండిమరకే వెళ్లాలి. అక్కడ నాకు జరిగింది చెబుతాను, మీకు జరగకూడదు. ఒక ఏప్రిల్‌లో ఆవకాయ రోజులు. మర దగ్గర అందరి చేతుల్లో ఎండుమిరపకాయల సంచులే. నా వంతు రాగానే డబ్బా ఇచ్చాను. పిండి గులాబీ రంగులో వచ్చింది, గులాబీ రేకుల రంగే అనుకుని సంబరపడ్డాను. మర్నాడు పొద్దున ముఖానికి రాశాను. పది లెక్కపెట్టేలోపు బుగ్గలు, కళ్ల కింద నిప్పంటుకున్నట్టు అయింది. నీళ్లు కొట్టేకొద్దీ మంట ఇంకా పాకింది. మా అత్తయ్య చూసి, నూనె గిన్నె తెచ్చి ముఖమంతా రాసి, తుడిచి, మళ్లీ రాసి, ఆ తర్వాత కడిగించింది. కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ సంగతి ఆమెకు వంటింట్లోనే తెలుసు. రెండున్నర కిలోల పిండి అలాగే పారబోశాం.

తర్వాత సంవత్సరం అదే మరకు వెళ్లి ముందే చెప్పాను.

"బాబాయ్, ఇది ముఖానికి రాసుకునే పిండి. కారం ఆడిన రాయి మీద వద్దు."

"అట్టా చెప్పాలమ్మా మరి. నిరుడు తినే పిండి అనుకున్నా. రేపు పొద్దున్నే రా, బియ్యం ఆడే మరలో ముందు నీదే పోస్తా."

అంతే, అడగాలి. కారం ఆడని మర ఏదో కనుక్కోండి, పొద్దున్నే మొదటి వంతు తీసుకోండి, ఒక గ్లాసు బియ్యం వెంట తీసుకెళ్లి ముందు అది పోయించండి. ఆ మొదటి పిండిని విడిగా పట్టి పక్కన పెట్టేయండి. ఇంట్లో మిక్సీకి కూడా ఇదే నియమం. కారం, మసాలా కొట్టే జార్‌లో ఈ పిండి ఆడొద్దు. ఎంత కడిగినా మూత రబ్బరు సందులో ఉండిపోతుంది.

వస్త్రగాళితం

వస్త్రగాళితం అంటే పిండిని గుడ్డలో జల్లించడం. ముఖం పిండికీ ఒంటి పిండికీ అసలు తేడా ఇక్కడ వస్తుంది. ముందు మైదా జల్లెడతో ఒకసారి జల్లించండి. వచ్చింది మెత్తగానే కనిపిస్తుంది. దాన్ని చిటికెడు తీసుకుని ముంజేతి లోపలి వైపు పొడిగా రుద్ది చూడండి, సన్నటి ఇసుకలా తగులుతుంది. ఇంకా కాలేదన్నమాట.

ఇప్పుడు ఒక వెడల్పాటి గిన్నె మూతికి ఉతికి ఆరేసిన పలచటి మల్లు గుడ్డ వదులుగా కట్టండి. గుడ్డ మధ్యలో గుంట పడాలి. ఆ గుంటలో రెండు గరిటెల పిండి పోసి, చేతివేళ్లతో గుండ్రంగా, నొక్కకుండా తిప్పుతూ ఉండండి. నొక్కితే పలుకు కూడా దిగిపోతుంది. గుడ్డ అడుగు నుంచి పిండి పొగలా రాలుతుంది. నెమ్మదైన పని, అరకిలోకు ముప్పావు గంట పడుతుంది. ఫ్యాను ఆపేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లకు అప్పగించండి. చివర గిన్నెలో చేయి పెడితే పిండి ఉన్నట్టు తెలియకూడదు, చల్లగా జారిపోవాలి.

గుడ్డలో మిగిలిన పలుకును మళ్లీ మిక్సీలో వేసి ఇంకోసారి వస్త్రగాళితం పట్టండి. రెండోసారి కూడా మిగిలింది పక్కన పెట్టండి, దాని సంగతి చివర్లో చెబుతాను.

సీసాకెత్తడం

గాజు సీసా, బిగుతు మూత. కడిగి ఒక పూట ఎండలో బోర్లించి ఆరిన తర్వాతే నింపండి. పెద్ద సీసా వంటింటి అలమరలోనో ఫ్రిజ్‌లోనో పెట్టి, పది రోజులకు సరిపడా చిన్న డబ్బాలోకి తీసి వాడుకోండి. ఆ చిన్న డబ్బా కూడా బాత్రూంలో పెట్టకండి. వేడినీళ్ల ఆవిరి, తడి చేతులు కలిస్తే వానాకాలంలో పది రోజులు కూడా నిలవదు. పొడి స్పూను అందులోనే వేసి ఉంచండి.

మూత మీద చేసిన నెల రాయండి. మూడు నెలలు దాటితే ముఖానికి వాడొద్దు. ఎప్పుడైనా ఉండ కట్టినా, ముక్కవాసన వచ్చినా, దారాల్లా పురుగు గూడు కనిపించినా మొత్తం తీసేయాల్సిందే. పైపైన తీసి మిగతాది వాడటం వద్దు, బూజు కంటికి కనిపించే చోటే ఉండదు.

నీళ్లు కలిపి, క్రీములా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. కొట్లో అమ్మే ఫేస్‌వాష్ నెలల తరబడి నిలవ ఉండేది అందులో చెడిపోకుండా కలిపే పదార్థాల వల్ల. మన పిండిలో అవి లేవు. తడి పెసరపిండి అంటే సూక్ష్మజీవులకు అన్నం పెట్టినట్టే. అట్లపిండి ఎంతసేపట్లో పులుస్తుందో మనకు తెలుసు కదా, ఇదీ అంతే. ఏ రోజుది ఆ రోజు, అరచేతిలోనే.

వాడే ముందు పరీక్ష

ఇంట్లో చేసింది కాబట్టి ఏమీ కాదు అనుకోవద్దు. పసుపు, వేప, పప్పులు కూడా కొందరికి పడవు. కొంచెం పిండి నీళ్లతో కలిపి మోచేతి మడతలోనో చెవి వెనకో రాసి, అయిదు నిమిషాలుంచి కడిగేయండి. రెండు రోజులు ఆగండి. దురద, దద్దుర్లు, ఎరుపు ఏమీ లేకపోతే ముఖానికి వాడండి. పెసలు, శనగలు తింటేనే ఎలర్జీ వచ్చేవాళ్లు దీని జోలికి రావద్దు. పసిపిల్లలకు నలుగు పెట్టే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. కానీ వాళ్ల చర్మం చాలా పలచన, పిల్లల డాక్టరును అడగకుండా పెట్టకండి.

వాడే పద్ధతి

చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోండి. పొడి అరచేతిలో ఒక టీస్పూను పిండి, అంతే. ముందు ముఖం గోరువెచ్చని నీళ్లతో తడపండి. తర్వాత పిండిలో నీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తూ వేలితో కలపండి. అట్టు పిండిలా జారుగా రావాలి. గట్టి ముద్దగా ఉంటే రుద్దాల్సి వస్తుంది, రుద్దితే చర్మం రేగుతుంది. మొదటిసారి చేసేవాళ్లందరూ గట్టిగానే కలుపుతారు.

నుదురు, ముక్కు పక్కలు, గడ్డం, చివర బుగ్గలు. వేళ్ల కొసలతో తేలిగ్గా గుండ్రంగా తిప్పండి. అర నిమిషం చాలు. కళ్ల చుట్టూ వద్దు. ఆరేదాకా ఉంచుకుని, పెళుసుబారాక రుద్ది రాల్చడం ఒంటికి చేసే పద్ధతి, ముఖానికి అది పనికిరాదు. చాలా నీళ్లతో కడిగి, వెంట్రుకల అంచున, చెవుల ముందు పిండి మిగలకుండా చూసుకోండి. తువాలుతో అద్దుకోండి. చర్మం ఇంకా కొంచెం తడిగా ఉండగానే మీరు మామూలుగా రాసుకునే మాయిశ్చరైజర్ రాయండి.

నలుగుతో రుద్దితే ముఖం మీద నూగు వెంట్రుకలు పోతాయని ఆడపిల్లలకు గట్టిగా రుద్దుతుంటారు. దయచేసి అలా చేయకండి. వెంట్రుకలు పోవు, చర్మం ఒరుసుకుపోయి మచ్చలు పడతాయి.

రోజుకు ఒక్కసారి, సాయంత్రం ఇంటికి వచ్చాక వాడటం మంచిది. పొద్దున వట్టి నీళ్లు చాలు. సన్‌స్క్రీన్, మేకప్ వేసుకునేవాళ్లు మాత్రం ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: పిండి ఒక్కటే వాటిని తీయలేదు. ముందు నాలుగు చుక్కల నువ్వుల నూనె ముఖానికి రాసి, తడి దూదితో తుడిచి, తర్వాత పిండితో కడగండి. నూనె జిడ్డు పిండితో సులువుగా వదులుతుంది, మన తలంటు పద్ధతంతా దీనిమీదే నడుస్తుంది కదా. మొటిమలున్నవాళ్లు కొబ్బరినూనె వాడొద్దు, అది రంధ్రాలు మూసేస్తుంది.

నీళ్లకు బదులు ఏం కలపాలన్నది మీ చర్మాన్ని బట్టి. పొడిబారే చర్మమైతే కాచి చల్లార్చిన పాలు, లేదా ఒక టీస్పూను చిలికిన పెరుగు. పచ్చిపాలు వద్దు. జిడ్డు చర్మమైతే గుప్పెడు తులసాకులు గ్లాసు నీళ్లలో మరిగించి, చల్లార్చి వడకట్టిన నీళ్లు. అవి కూడా ఏ పూటకు ఆ పూటే. చలికాలంలో నాలుగు చుక్కల తేనె బాగుంటుంది. చీము పట్టిన మొటిమలున్నా, చర్మం మీద తామర, గజ్జి లాంటివి ఉన్నా, డాక్టరు రాసిన ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి క్రీములు వాడుతున్నా ఈ పిండి ఆపేయండి. ఆ క్రీములతో చర్మం ముందే సున్నితంగా ఉంటుంది, పిండి రాపిడిని కూడా తట్టుకోదు.

వాడినప్పుడల్లా మంటగా, బిగుతుగా అనిపిస్తే "అలవాటు పడుతుందిలే" అని కొనసాగించకండి. వేపాకు తీసేసి, పసుపు తీసేసి, వట్టి పెసరపిండితో వారం చూడండి. అదీ పడకపోతే మానేయడమే.

కుంకుడుకాయ సంగతి

కుంకుడు, శీకాయ ముఖానికి వాడొచ్చా అని అడుగుతారు. రెండింటిలోనూ నురగనిచ్చే సపోనిన్లు ఉంటాయి, బాగా శుభ్రం చేస్తాయి. కానీ కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో తెలుగిళ్లల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను ముఖానికి వాడను. మెడ వెనక, వీపు మీద చెమట పొక్కులు వచ్చేవాళ్లకు మాత్రం మంచిదే. నాలుగు కాయలు గింజ తీసి, గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టి, అంతే నీళ్లు కలిపి వీపుకు వాడండి. మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది.

అపార్ట్‌మెంట్లలో, విదేశాల్లో ఉన్నవాళ్లకు

ఎండ తగలని ఇళ్లవాళ్లు పప్పును మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద చేయి పెట్టగలిగినంత వెచ్చగా మాత్రమే తిప్పి దించేయండి. రంగు మారకూడదు. అమెరికాలో ఉండే మా పెద్దమ్మ కూతురు ఓవెన్‌ను అతి తక్కువ వేడిలో పెట్టి, తలుపు కొంచెం తెరిచి, పప్పును గంటసేపు ఆరబెడుతుంది. ఎండు గులాబీ రేకులు టీ కోసం అమ్మేవి కొంటుంది, అవి తినడానికి పనికొచ్చేవి కాబట్టి మందుల భయం తక్కువ. వాష్‌బేసిన్ జాలీ మీద చిన్న గుడ్డ వేసుకుని కడుక్కోండి, రోజూ పిండి పైపులోకి పోతే కొన్నాళ్లకు గడ్డకట్టి నీళ్లు దిగవు.

మిగిలిన పలుకు

వస్త్రగాళితంలో రెండోసారి కూడా దిగని పలుకు గుప్పెడో రెండు గుప్పెళ్లో ఉంటుంది. పారేయకండి. దాన్ని వేరే డబ్బాలో పెట్టుకుని, ఆదివారం తలంటుకు ముందు నూనె రాసిన మోచేతులకు, మోకాళ్లకు, మడమలకు రుద్దుకోండి. అక్కడి చర్మం మందం కాబట్టి ఆ గరుకు అక్కడ పనికొస్తుంది. పీచు ఉంటుంది కాబట్టి త్వరగా చెమ్మ పడుతుంది, నెలలోపు వాడేయండి.